తీగ కింద నూలుపోగు

ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే పట్టుచీరల ధరలు తెలుస్తాయి. చదువుకునే పిల్లవాడుంటే హాస్టలు ఫీజులు తెలుస్తాయి. నాకు మాత్రం, ఆడపిల్ల తల్లినై ఉండి కూడా, ఫజ్ పెడళ్ళ ధరలూ ఆక్టేవ్ పెడళ్ళ ధరలూ కంఠతా వచ్చాయి. అవేమిటని అడుగుతున్నారా? నిదానంగా చెబుతాను. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వినదగ్గ కబురే ఇది.

మాది కూచిపూడి. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నా కాళ్ళకేసి చూస్తారు, గజ్జెలున్నాయేమోనని! మా ఊళ్ళో అందరూ గజ్జె కట్టరండీ బాబూ. కానీ సిద్ధేంద్ర యోగి పేరు పెట్టుకున్న కళాక్షేత్రం ఊళ్ళోనే ఉంది, క్షేత్రయ్య పుట్టిన మొవ్వ పొలిమేర అవతలే ఉంది. అంచేత శ్రుతి తప్పితే మొహం చిట్లించని మనిషి మాత్రం మాకు దొరకడం కష్టం. అలాంటి ఊళ్ళో, ఎనభై రెండేళ్ళ మామ్మ వీధరుగు మీద కూర్చుని ఉండగా, మా అమ్మాయి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. నలుగురు స్నేహితురాళ్ళు కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. గిటారు ఎవరో వాడి అమ్మేసినది. ఆంప్లిఫయరు మా పాత రేడియో అంత పెట్టె.

ఇంతవరకూ బాగానే ఉంది. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు "అమ్మా, నాకు రెండు పెడళ్ళు కావాలే" అంది.

"కుట్టు మిషనుకా?" అన్నారు మావారు పేపరు దించకుండానే.

కాదట. కాలితో నొక్కే చిన్న ఇనప్పెట్టెలట. గిటారు నుంచి ఆంప్లిఫయరుకి వెళ్ళే తీగ మధ్యలో పెడతారట. ఒకటి ఫజ్, అంటే నాదాన్ని బొంగురు చేసేది. రెండోది ఆక్టేవ్, అంటే వాయించిన స్వరానికి పై స్థాయిదో కింది స్థాయిదో జత చేసేది. కాగితం మీద పేర్లూ ధరలూ రాసి చూపించింది. పెద్ద కంపెనీలవి రెండూ కలిపితే పాతిక వేలు దాటింది. నా చీటీ డబ్బుల్లో ఇంటి ఖర్చులు పోను మిగిలింది ఆరు వేలు.

మావారు అప్పుడు పేపరు దించారు. "మూల గదిలో ఆ వీణ ఉంది కదా, ఎవరూ ముట్టుకోవడం లేదు. మొన్న ఒకాయన అడిగాడు కూడా. ఇచ్చేస్తే పిల్ల ముచ్చట తీరుతుంది" అన్నారు. ఆయన మాటలో చెడ్డ ఏమీ లేదు. పెట్టె మీద పేరుకున్న దుమ్ము చూసి అన్న మాట అది. కానీ అది నూజివీడు వీణ. పనస చెక్కది. మా నాన్నగారు నా పెళ్ళికి రెండు నెలల ముందు వెళ్ళి, దగ్గర కూర్చుని మేళం కట్టించి తెచ్చారు. నేనేమీ అనలేదు. అమ్మాయీ ఏమీ అనలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఏమీ అనకుండా ఊరుకునే పిల్లతోనే కష్టం. కావాలని అల్లరి చేస్తే లేదని చెప్పేయొచ్చు.

సరే, ఆరువేలలో ఏది వస్తుందో చూద్దామని నేనే నడుం కట్టాను. చీర కొనాలంటే నేత తెలియాలి కదా! అలాగే ముందు ఈ ఫజ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకున్నాను.

అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్ళో 1960లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తున్నారట. గ్రేడీ మార్టిన్ అనే ఆయన బాస్ గిటారు మీద చిన్న బిట్టు వాయించాడు. రికార్డింగు పరికరంలో ఏదో భాగం చెడిపోయి, ఆ బిట్టు బర్రుమని పలికింది. తీసేద్దామనుకుని, ఆఖరికి అలాగే ఉంచేశారు. 1961లో పాట బయటికొచ్చింది, జనానికి నచ్చింది. అలాంటి ధ్వని మాకూ కావాలని మిగతా వాళ్ళు అడగడం మొదలెట్టారు. ఆ ఇంజనీరు గ్లెన్ స్నాడీ మరొకాయనతో కలిసి, చెడిపోయిన పరికరం పలికినట్టే పలికే చిన్న పెట్టె తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ వాళ్ళు 1962లో దాన్ని మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మారు. మొదట్లో కొనేవాళ్ళు పెద్దగా లేరు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందంలో కీత్ రిచర్డ్స్ వాడాక మాత్రం ఎగబడి కొన్నారట. ఇంగ్లండులో డేవ్ డేవీస్ అనే కుర్రాడయితే పెట్టె కోసం కూడా చూడలేదు. 1964లో తన ఆంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీరేశాడు, బొంగురు అదే వచ్చింది! పెళ్ళిపందిట్లో చిరిగిన మైకు విన్న మనకి ఆ ధ్వని కొత్తా?

లోపల జరిగేది కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. తీగ కదిలితే నాదం కొండల్లా లోయల్లా లేచి పడుతుంది. ట్రాన్సిస్టరు దాన్ని మోయలేనంత పెద్దది చేసి, శిఖరాలని అడ్డంగా కోసేస్తుంది. గుండ్రటి కొండ కాస్తా బల్లపరుపు అవుతుంది. ఆ కోసిన అంచుల్లోంచి అసలు స్వరంతో పాటు పై స్వరాలు బోలెడు పుట్టుకొస్తాయి. అదే ఆ జుమ్మనడం.

ఆక్టేవ్ సంగతి చెప్పాలంటే మాకు తాళం చాలు. మొదటి కాలంలో ఒక దెబ్బ పడేచోట రెండో కాలంలో రెండు పడతాయి. స్వరమూ అంతే. తీగ సెకనుకి నూటపదిసార్లు ఊగితే ఒక స్థాయి, రెండొందల ఇరవైసార్లు ఊగితే పై స్థాయి. పై స్థాయి పెడలు చేసే పని, నాదంలో కిందికి వేలాడే సగాన్ని పైకి మడవడం. చీర అంచు మడిచినట్టే. ఒక కొండ ఉన్నచోట రెండు కొండలవుతాయి. ఇలాంటి పెట్టెని రోజర్ మేయర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు చేసిస్తే, జిమీ హెండ్రిక్స్ 1967లో దాంతో వాయించాడు. కింది స్థాయిది రెండు ఊపులని ఒకటిగా లెక్కపెడుతుంది. జపాను వాళ్ళ బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2 ఇలాగే ఒకటీ రెండూ స్థాయిల కింది స్వరాలు ఇచ్చేది.

ఇదంతా నేను వంటింటి గుమ్మంలో అమ్మాయితో మాట్లాడుతుంటే, అరుగు మీంచి మా అత్తగారు "ఎందుకే అంత హైరానా? హార్మోనియానికి కప్లరు లేదూ?" అన్నారు. నిజమే సుమండీ! గుడివాడలోనూ తెనాలిలోనూ పద్యనాటకాలు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కప్లరున్న హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే దాని జత స్థాయి మెట్టు దానంతటదే దిగుతుంది. పందిరి చివర కూర్చున్న వాడి దాకా వినపడాలని ఆ ఏర్పాటు. ఇంతెందుకు, వీణలో హెచ్చు సారణి లేదూ? పక్కనుండే మూడు తాళం తీగల్లో ఒకటి, సారణి కంటే పై స్థాయి షడ్జానికి కట్టినది. మన వాద్యాలు ఆ పెడలుని కడుపులోనే పెట్టుకు పుట్టాయన్నమాట.

"మరి ఆ బొంగురుకి ఏం చెబుతారు?" అన్నాను, ఆవిడ నోరు మూయిద్దామని.

ఆవిడ నవ్వారు. తంబురా చూసే ఉంటారు మీరు. గుర్రం మీద ఆనే తీగ కింద సన్నటి నూలుపోగు దూరుస్తారు. దాన్ని జీవ అంటారు. పోగు సరయిన చోటికి జరిగేదాకా తీగ టంగుమని మొద్దుగా పలుకుతుంది. వెంట్రుకవాసి జరిపేసరికి తేనెటీగలు లేచినట్టు జుమ్మంటుంది. ఆ పోగు తీగని గుర్రానికి తగిలీ తగలనట్టు ఆపి, లోపలి పై స్వరాలని లేపుతుంది. ట్రాన్సిస్టరు ఎలాగైతే అంచులు కోసి పై స్వరాలు పుట్టిస్తుందో, ఈ దారం ముక్క రాపిడితో ఆ పని చేస్తుంది. ధ్వని రెండింటిదీ ఒకటి కాదు. కానీ కడుపులో ఉన్న కోరిక ఒకటే, ఒంటి స్వరం ఒంటరిగా ఉండకూడదని. చిన్నప్పుడు దువ్వెనకి పల్చటి కాగితం చుట్టి పెదవులకి ఆనించి పాడలేదూ మనం? అదీ ఇదే.

ఇక బేరానికి దిగాం. ఇక్కడ నాకు తెలిసినవి నాలుగు ముక్కలు రాస్తాను. మీ ఇంట్లో గిటారు పిల్ల ఎవరైనా ఉంటే పనికొస్తాయి.

మొదటిది వేడి. పాత ఫజ్ పెట్టెల్లో జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇప్పటికీ వాటికోసం ఎక్కువ డబ్బిచ్చి కొనేవాళ్ళున్నారు. నాదం మెత్తగా ఉంటుందంటారు. కానీ జర్మేనియానికి ఎండ పడదు. గది వేడెక్కితే గొంతు మారిపోతుంది. మే నెలలో మా బందరు వైపు ఉక్కలో అది ఏ రాగం తీస్తుందో దేవుడికెరుక. సిలికాను ట్రాన్సిస్టర్లది అయితే ఎండకి చలించదు, ధరా తక్కువ. ఇక్కడ చవకదే మనకి మేలయినది!

రెండోది మన స్పీకరు ఎంతదని. గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకి ఎనభై రెండుసార్లు ఊగుతుంది. దానికి కింది స్థాయి అంటే నలభై ఒకటి. ఇంట్లో ఉండే చిన్న పెట్టెలోని చిన్న స్పీకరు అంత లోతు స్వరాన్ని పలకనే పలకలేదు. దానికి కింది స్థాయి పెడలు కొనడమంటే, చెంబులో ఏనుగుని స్నానం చేయించడమే. పెద్ద స్పీకరు వచ్చేదాకా అది ఆగొచ్చు.

మూడోది, ఒక స్వరమా నాలుగు స్వరాలా అన్నది. చవకరకం ఆక్టేవ్ పెడళ్ళు చాలామటుకు ఒక్కసారికి ఒక్క స్వరాన్నే గుర్తుపడతాయి. రెండు మూడు కలిపి మీటితే ఎవరి వెనక పోవాలో తెలియని బంట్రోతులా గింగిరాలు తిరుగుతాయి. న్యూయార్కు ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ళ పోగ్ లాంటివి అన్ని స్వరాలనీ ఒకేసారి పట్టుకుంటాయి గానీ, ఆ ధర నా చీటీ ఎత్తుకి అందదు. ఒక్కొక్క స్వరమే వాయించేవాళ్ళకి చవకది చాలు. మెడ వైపు పికప్ పెట్టుకుని, టోను మర కాస్త తగ్గించి, పన్నెండో మెట్టు దాటి వాయిస్తే పై స్థాయి స్పష్టంగా వస్తుంది.

నాలుగోది కరెంటు. ఈ పెట్టెలకి చాలావాటికి తొమ్మిది వోల్టులు కావాలి, గుచ్చే పిన్నులో మధ్యభాగం మైనస్ ఉండాలి. మన ఇళ్ళల్లో అటక మీద దొరికే అడాప్టర్లు చాలామటుకు మధ్యన ప్లస్సువి. పిన్ను పట్టింది కదా అని గుచ్చారో, పెట్టె గోవిందా! బ్యాటరీ వేసుకుంటే ఫజ్ చాలా పొదుపు మనిషి, నెలల తరబడి వస్తుంది. కానీ వాయించడం అయ్యాక గిటారు తీగ పెట్టెలోంచి పీకెయ్యాలి. తీగ గుచ్చి ఉన్నంతసేపూ, కాలితో ఆపేసినా సరే, లోపల కుళాయి కారుతూనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఇంకోటుంది. మాది పాత ఇల్లు, రెండు కన్నాల ప్లగ్గులు. గిటారు తీగలు ఆంప్లిఫయరు ఎర్తుతో కలిసి ఉంటాయి. ఆ ఎర్తు లేకపోతే గుయ్యిమని మోత, ఖర్మం చాలకపోతే చేతికి షాకు. అంచేత ఆరువేలలో మొదటి తొమ్మిది వందలు ఎలక్ట్రీషియనుకిచ్చి, ఆ గదికి మూడు కన్నాల ప్లగ్గూ ఎర్తూ పెట్టించాను. "పెడలు కొనమంటే గొయ్యి తవ్విస్తోంది మీ అమ్మ" అన్నారు మావారు. అనుకోనివ్వండి. పిల్ల వేళ్ళు ఆ తీగల మీద ఉంటాయి.

మిగిలిన అయిదువేల వందతో ఉయ్యూరు మీదుగా బస్సెక్కి బెజవాడ వెళ్ళాం. అమ్మాయి గిటారు భుజాన వేసుకునే వచ్చింది. అద్దాల్లో పెట్టిన వాటిని కొట్టువాడి గిటారుతో కాక మన గిటారుతో వినాలి. అతను మోత పెంచుతుంటే, ఇంట్లో ఎంత వింటామో అంతకి తగ్గించమన్నాను. గొంతు చించుకుంటే ప్రతి పెట్టే గొప్పదే. గిటారు మీది వాల్యూము మర తగ్గిస్తే బొంగురు కూడా వినయంగా తగ్గుతుందా అని చూశాం. మరలు తిప్పుతుంటే గరగర వస్తుందేమో విన్నాం. వాడినవి రెండు చూపిస్తే బ్యాటరీ గది మూత తెరిపించాను. ఒకదాంట్లో పచ్చటి చిలుం. మా వైపు ఉప్పుగాలికి ఇత్తడి చెంబులే ఆగవు, ఇది ఆగుతుందా?

1970లలో అమెరికాలో ఫాక్స్ టోన్ మెషీన్ అని ఒకటి వచ్చేదట. ఫజ్, పై స్థాయి ఆక్టేవ్ ఒకే పెట్టెలో. ఆక్టేవ్ వద్దనుకుంటే కట్టేసే మీట. పైన మఖమల్ లాంటి నూగు తొడుగు కూడానట, మన నగల పెట్టెకి ఉన్నట్టు! ఆ సర్క్యూటునే చూసి ఇప్పుడు ఎందరో చిన్న కంపెనీల వాళ్ళు చవకగా చేస్తున్నారు. అలాంటిదొకటి దొరికింది. మఖమల్ లేదు, మీట ఉంది. వాడినది, ఇనప పెట్టె, లోపల సిలికాను. పన్నెండొందలు తగ్గించమంటే ఏడొందలు తగ్గించాడు. నాలుగువేల మూడొందలకి రెండు పెడళ్ళూ ఒక్కటై మా ఇంటికొచ్చాయి.

ఇంతా చేసి, ఇంటికొచ్చి మొదటిసారి మీటితే... గదంతా గందరగోళం! అమ్మాయి మామూలుగా వాయించే మూడు స్వరాల కలయిక అందులోంచి రావడం, కంచాలు దొర్లినట్టు రావడం. మావారు నాకేసి చూశారు. పిల్ల మొహం చిన్నబోయింది. మళ్ళీ మీటింది, మళ్ళీ అంతే.

"గాంధారం తీసెయ్యవే" అన్నారు మా అత్తగారు అరుగు మీంచి.

"ఏంటి మామ్మా?"

"సా పా చాలు. గాంధారం ఎందుకూ మధ్యన? తంబురాకి గాంధారం కడతామా?"

అమ్మాయి మధ్య వేలు ఎత్తేసి షడ్జం, పంచమం, పై షడ్జం మాత్రం మీటింది. అంతే. ఆ కంచాల మోత పోయి, నిండుగా, గదిలో నాలుగు మూలలా ఒకటే నాదం నిలబడింది. తర్వాత అమ్మాయి చెప్పింది, గిటారు వాళ్ళు దాన్ని పవర్ కార్డ్ అంటారట. బొంగురు పెట్టినప్పుడు గాంధారం ఉంటే స్వరాలు ఒకదాన్నొకటి కొట్టుకుని పిల్ల స్వరాలు పుట్టి పోట్లాడతాయి. షడ్జ పంచమాలైతే పుట్టిన పిల్లలు కూడా ఆ ఇంటివాళ్ళే. అందుకే వాళ్ళు దాన్ని వదిలేస్తారు. మనవాళ్ళు తంబురాకి పంచమమూ షడ్జాలే కట్టారు. ఆ సంగతి మా అత్తగారికి ఏ పుస్తకమూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు ఆటల్లో వెనక నిలబడి పాడిన చెవి అది.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కూడా ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకునే కచేరీలకి వచ్చాడు కదా! ఆయన 2014లోనే వెళ్ళిపోయాడు పాపం. కర్ణాటక సంగీతానికి కరెంటు పెట్టడమేమిటని గొణిగినవాళ్ళే తర్వాత ముందు వరసలో కూర్చున్నారు. వాద్యానికి కరెంటు ఉందా లేదా అన్నది కాదు, శ్రుతి ఉందా లేదా అని అడిగే మనిషి ఇంట్లో ఒకరుండాలి. అది ఏ కొట్లోనూ అమ్మరు. మనకి ఊరికే వచ్చింది, అరుగు మీద కూర్చుని ఉంది.

ఇంతకీ లెక్క చెప్పలేదు కదూ. ఆరువేలలో ఎర్తుకి తొమ్మిది వందలు, పెడలుకి నాలుగువేల మూడొందలు, బస్సు చార్జీలకీ రెండు టీలకీ మూడొందలు. అయిదొందలు మిగిలింది. అదే కొట్లో వీణ తీగల సెట్టు వేలాడుతోంది. నేనేదో ఆలోచిస్తున్నానని చూసి అమ్మాయి, "తీసుకోమ్మా, హెచ్చు సారణి తెగి ఎన్నాళ్ళయింది?" అంది. దానికి అది గుర్తుందని నాకు తెలియదు.

వీణ కావాలన్నాయన పోయిన వారం మళ్ళీ ఫోను చేశాడు. మావారు తీశారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. "ఇంట్లో వాడుతున్నారండీ" అని చెప్పి పెట్టేశారు. ఇంకా వాడడం మొదలుపెట్టలేదు. మేళం మైనం ఎండిపోయింది, కట్టేవాళ్ళని పిలవాలి, దానికి మళ్ళీ చీటీ పాడాలి. తీగలు మాత్రం బిగించాను.